పద్నాలుగో టోకెను

"జర గంట సేపు కూసో అన్నా, బీడీలు అప్పజెప్పి ఉరికొస్త," అని హన్మండ్లు భార్య గంగామణి బీడీల గంప నెత్తికెత్తుకుంది, దాని మీద ఖాళీ యూరియా సంచి కప్పుకుంది, వానలోనే బయల్దేరింది. గేటు గొళ్లెం పడిన చప్పుడు. గంట. హన్మండ్లుకు నొప్పి సూది ఇచ్చి పావుగంట అయింది, వాడు కళ్లు తెరవడానికీ ఇంచుమించు గంటే పడుతుంది. అంటే ఈ మధ్యాహ్నం ఈ ఇంట్లో డాక్టర్ నరహరికి మిగిలేవి చివరి ఐదో పదో నిమిషాలు, వాడు లేచాక, ఆమె రాకముందు. ఆ కాస్త సమయంలో చెప్పేయాలి. ఈ రోజు కూడా చెప్పకుండా బ్యాగు సర్దుకొని వెళ్లిపోతే ఇక చెప్పడమనేది ఉండదు, వచ్చే వారానికి వాడికి మాట తెలిసే తెలివి ఉంటుందో లేదో, ఆ సంగతి మిగతా అందరికన్నా నరహరికే బాగా తెలుసు. ఏం చెప్పాలో కూడా తెలుసు. చిన్న మాటే. నీ రోగం మొదట నా ముందుకే వచ్చింది హన్మండ్లూ, నేను చూడలేదు. అంతే. ఇరవై రెండేళ్లుగా ఆర్మూర్‌లో రోజుకు డెబ్బై మందికి మంచి కబుర్లూ చెడ్డ కబుర్లూ చెప్పిన నోరు, ఈ నాలుగు మాటలకు మూడు నెలలుగా వంకలు వెతుక్కుంటోంది.

కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు, మళ్లీ ఎందుకో రెండడుగులు వెనక్కి జరిపాడు. రేకుల మీద వాన ఒకటే మోత, ఇంత మోతలోనూ వీడి ఊపిరి వినిపిస్తూనే ఉంది, ఒకటి పెద్దది, రెండు చిన్నవి, మళ్లీ ఒకటి పెద్దది. కిటికీలోంచి వాకిట్లో పాలిష్ డ్రమ్ము కనిపిస్తోంది, దాని మీద నీలం తాడిపత్రి, తాడిపత్రి మీద నీళ్ల మడుగు. సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా ఆ డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపును ట్రాక్టర్లలో తెచ్చి పోస్తారు, లోపల పడ్డ పసుపు ఒకదానికొకటి ఒరుసుకొని పైపొట్టు రాలి నున్నగా బయటపడుతుంది, ఆ రాలిన పొట్టంతా దుమ్మై వీడి మీదే పడుతుంది. కనుబొమలు పసుపు, చెవుల్లో పసుపు, మెడ మడతల్లో పసుపు. హోటల్లో వీడు పట్టుకున్న చాయ్ గ్లాసు మీద వేళ్ల అచ్చులు, నరహరి స్కూటర్ సీటు మీద మరక. ఆర్మూర్‌లో ఆ నాలుగు నెలలు పసుపురంగు మనిషిని చూసి ఎవడూ రెండోసారి చూడడు. అదే కదా కొంప ముంచింది. ఇంకే ఊళ్లోనైనా, ఇంకే పనిచేసేవాడైనా అంత పచ్చటి ముఖంతో వస్తే కంపౌండరు కూడా వాకిట్లోనే పట్టుకొని కళ్లు చూపించమనేవాడు. ఇక్కడ ఎం.డి. చదివిన డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకొని చాయ్ తాగించాడు.

మొదటిసారి వచ్చిన రోజు మాత్రం చూశాడు. అప్పుడు నరహరి ధర్పల్లి నుంచి వచ్చి దవాఖాన పెట్టి రెండు నెలలు కాలేదు, బోర్డు రంగు కూడా ఆరలేదు. డ్రమ్ము బెల్టులో పడి ఎడమచేతి చిటికెనవేలు చివరికంటా నలిగి, గుడ్డ చుట్టుకొని, నవ్వుకుంటూ వచ్చాడు వీడు. చెయ్యంతా ఎంత పసుపో! అది కడగడానికి అరగంట, కుట్లకు పది నిమిషాలు. "పసుపేనాయె సారూ, మీరు మల్ల డెటాల్ ఎందుకు ఖరాబు చేస్తరు," అని వీడు, "తోలు రంగు చూడకుండ ఎట్ల కుట్టమంటవయ్యా," అని తను. అవును, ఆ మాట అన్నాడు. తోలు రంగు చూడకుండా. కడిగి, వెలుతురుకు పట్టి, గోరు నొక్కి, రక్తం తిరిగి వస్తోందో లేదో చూసి మరీ కుట్టాడు. అప్పుడు వీడు ఒట్టి పేషెంటు కాబట్టి చూశాడు. ఆ తర్వాత దోస్తు అయ్యాడు, ఇక తను చూడడం మానేశాడు. ఛ.

ఆ తర్వాత వీడు ముందు తలుపు నుంచి వచ్చిందే లేదు. సాయంత్రం ఆరున్నరకు వెనక తలుపు తోసుకొని, మందుల గది మీదుగా, చెప్పులు విడిచి, నేరుగా బరువు తూచే మిషన్ ఎక్కేవాడు. అదొక సరదా. ఎక్కి, మార్కెట్ యార్డులో పసుపు కుప్పకు వేలంపాట పాడినట్టు బయట పేషెంట్లకు వినబడేలా అరిచేవాడు, డెబ్బై ఒకటీ! అని. రజని బడిలో పంతులమ్మలాగ నోటి మీద వేలు వేసుకొనేది, రజని అంటే దవాఖానలో టోకెన్లు ఇచ్చే అమ్మాయి, ఎవరి మాటా వినదు, వీడి మాట మాత్రం వింటుంది. జేబులోంచి ఒక పసుపు కొమ్ము తీసి నరహరి చెవి దగ్గర పెట్టి టక్కున విరిచేవాడు. "ఇన్నవా? గిది ఎండిన పసుపు. పచ్చిదైతే గింత సప్పుడు రాదు. పైనుంచి చూస్తే రెండూ ఒక్కతీరుగనే ఉంటయ్ నరహరీ. ఇర్వాలె. ఇరిస్తెనే తెలుస్తది." ఇరవై రెండేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నాడో. నిజామాబాద్‌లో డాక్టర్ల మీటింగులో ఒకసారి మైకు పట్టుకొని ఇదే మాట చెప్పాడు కూడా, మా దోస్తు ఒకాయన పసుపు పాలిష్ పడతాడు, ఆయన దగ్గర నేర్చుకున్నాను, పైకి చూసి మోసపోవద్దు అని. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం సిగ్గులేని నోరు ఇది.

హన్మండ్లు కాలు కదిపాడు. నరహరి ఉలిక్కిపడి లేచాడు. లేదు, నిద్రలోనే. దుప్పటి సర్దాడు. పాదాలు కూడా అదే రంగు, అరికాళ్లతో సహా, శ్రావణమాసం కదా, వీధిలో ఆడవాళ్లందరి పాదాలూ ఇదే రంగులో ఉన్నాయి, పొద్దున పలకరించడానికి వచ్చిన ఒక ముసలమ్మ వీడి కాళ్లు చూసి పూజకు పెట్టినట్టుందని కళ్లు తుడుచుకుంది. చాయ్ తాగాలనిపించింది, వంటింట్లోకి వెళ్లి పెట్టుకుందామా అనుకొని మానేశాడు. జనవరి ఆఖరులో దురద అన్నాడు వీడు. ఒళ్లంతా దురద, రాత్రి నిద్ర పట్టడం లేదు. దుమ్ముకు దురద రాక ఏమొస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే కట్టుకోవు అని తిట్టి, సొరుగు లాగి ఒక షీటు సెట్రిజిన్ మాత్రలు విసిరాడు. విసిరాడు, అంతే, లేచి ఇవ్వలేదు కూడా, వీడు గాల్లో పట్టుకున్నాడు. ఫిబ్రవరిలో అరవై తొమ్మిది! అని అరిచాడు మిషన్ మీద. తర్వాత వారం అరవై ఏడు! "తరుగు వోతున్నది డాక్టర్ సాబ్, జర చూస్కో," అని వీడే నవ్వాడు, పసుపు ఆరి బరువు తగ్గితే తరుగు అంటారు కదా, ఆ లెక్కన. నరహరి కూడా నవ్వాడు. డ్రమ్ము తిప్పితే కొవ్వు కరగదా అన్నాడు. మూత్రం ముదురు రంగులో వస్తోందంటే నీళ్లు తాగమన్నాడు. దురద, బరువు, మూత్రం. మూడూ పక్కపక్కన పెట్టి పరీక్షలో అడిగితే రెండో సంవత్సరం పిల్లాడు కూడా కళ్లు చూశారా సార్ అని అడుగుతాడు. ఒకటి మంగళవారం వచ్చింది, ఇంకొకటి మరో బుధవారం వచ్చింది, మధ్యలో చాయ్‌లు వచ్చాయి, సొంత గోడు వచ్చింది, మూడింటినీ ఒకచోట పెట్టే తీరిక మాత్రం రాలేదు. పైగా దురద కేసులు ఆ నెలలో నలభై చూశాడు, రజని అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుంది, టోకెన్లలో పద్నాలుగో నంబరు ఎవరో ఎత్తుకుపోయారని మార్చి నుంచి రోజూ ఒకటే గొణుగుడు, పదమూడు అవగానే పదిహేను అని పిలుస్తుంది, పద్నాలుగో వాడు ఏమయ్యాడని ముసలోళ్లు గొడవ పెట్టుకుంటారు.

కనిపెట్టింది గంగామణి. అదే అన్నిటికన్నా గుచ్చుకుంటుంది. మే నెల, సీజను అయిపోయింది, డ్రమ్ము కడిగి తాడిపత్రి కప్పేశారు. ఆమె దవాఖానకు వచ్చి, కూర్చోకుండా, కొంగు వేళ్లకు చుట్టుకుంటూ చెప్పింది, "మిషన్ బంద్ వెట్టి పది దినాలాయె అన్నా. తువ్వాలకు పసుపు అంటుతలేదు. దిండు గలీబు గూడ తెల్లగనే ఉన్నది. మనిషే పచ్చగున్నడు." ఇరవై రెండేళ్లు సీజనంతా ఆ తువ్వాళ్లు ఉతికిన మనిషి. బీడీలు చుట్టుకుంటూ, ఒక కంట మొగుణ్ని చూసుకుంటూ, ఏ పుస్తకం చదవకుండా చెప్పేసింది. నరహరి అదే క్షణం చెప్పుల్లేకుండా స్కూటర్ ఎక్కి ఇక్కడికే వచ్చాడు, ఇదే వాకిట్లో, ఎండలో, వీడి కంటి కింది రెప్ప బొటనవేలితో లాగాడు. తెల్లగా ఉండాల్సిన చోట తెలుపన్నదే లేదు. పసుపు దుమ్ము కంటిగుడ్డు మీద నిలవదు. ఎంత దుమ్ము పడినా నిలవదు. ఆ సంగతి తెలియని డాక్టరు ఈ భూమ్మీద లేడు.

తర్వాతంతా పరుగు. స్కాను, హైదరాబాద్, ఒక పెద్ద దవాఖాన, పైత్యం పోయే గొట్టంలో చిన్న పైపు పెట్టడం, రంగు కొంచెం దిగడం, వీడు అద్దంలో చూసుకొని పెళ్లికొడుకునయ్యానని అనడం. కారిడార్‌లో ఆ ఆపరేషన్ల డాక్టరు, తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, మర్యాదగానే చెప్పాడు, క్లోమం తల దగ్గర గడ్డ సార్, ఇప్పుడు కాలేయానికి పాకింది, మార్చిలో తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లం, గ్యారంటీ అని కాదు, ఒక అవకాశం ఉండేది. సార్, పేషెంటు మీకేమవుతారు? దోస్తు అన్నాడు నరహరి. ఆ పిల్లాడు ఇంకేమీ అడగలేదు. మంచివాడు. అడిగి ఉంటే బాగుండేది, అక్కడే, ఆ ఫినాయిల్ వాసనలోనే, ఎవరో ఒకరికి చెప్పేసి ఉండేవాడు. కారులో తిరిగి వస్తుంటే వెనక సీట్లోంచి నందిని అడిగింది, హన్మండ్లు బిడ్డ, డిగ్రీ చదువుతోంది, ఫోనులో ఏదో చదువుకుంటూ, "మామా, దీనికి ముందుగాల కండ్లు పచ్చగైతయట గదా? మరి మనకు ఎందుకు తెల్వలే?" కామారెడ్డి దాటారు అప్పుడే. ఎదురుగా లారీ లైట్లు. "అందరికీ గట్ల గాదు బిడ్డా, కొందరికి లేటుగ తెలుస్తది," అన్నాడు. ఎంత సులువుగా వచ్చిందో అబద్ధం! తడుముకోలేదు కూడా. ముందు సీట్లో తలవాల్చి పడుకున్న హన్మండ్లు ఆ మాట విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల నమ్మింది. మామ చెప్పాడు కదా.

అందరూ నమ్మారు. వీడే అందరికీ చెప్పాడు, చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ, ముప్కాల్ నుంచి వచ్చిన చుట్టాల దాకా, "మా డాక్టర్ ఉన్నడు గాబట్టి గిన్ని దినాలు గుంజుకొచ్చిండు, లేకుంటే ఎండకాలంలనే గయా," అని. వాళ్లంతా నరహరికి చేతులెత్తి దండం పెట్టి వెళ్లేవారు. ఆ దండాలు ఒక్కొక్కటి... పోనీ. రోజూ రెండుపూటలా రావడం, సూదులు ఇవ్వడం, తెల్లవారుజామున ఫోను మోగితే పరుగెత్తుకు రావడం, ఇదంతా ప్రేమ అనుకుంటున్నారు ఊళ్లో. ప్రేమ కాదా అంటే ప్రేమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. ఇంత చేస్తే ఆ చెప్పాల్సిన మాట చెప్పక్కర్లేదేమో అన్న బేరం అది. చెప్పి ఏం లాభం, పోయే మనిషి గుండెలో ముల్లు దింపడం తప్ప అని ఒక రోజు, లేదు, ఎవడి రోగం కథ వాడికి తెలియాలి, అది వాడి హక్కు అని ఒక రోజు. డాక్టరు పుస్తకం ఒకటి చెబుతుంది, భయం ఇంకొకటి చెబుతుంది, రెండూ కలిసి వీధి చివరి దాకా వచ్చి అక్కడ భయమే గెలుస్తుంది. నిజంగా ఎవరికోసం దాస్తున్నావు నరహరీ? వీడు కోపంతో చూస్తాడని. ఇరవై రెండేళ్లలో వీడు తన వైపు ఒక్కసారి కూడా కోపంగా చూడలేదు, ఆ ఒక్క చూపే చివరి చూపుగా వీడు పోతాడేమో అని. అంతే, వేరే పెద్ద ధర్మమేమీ లేదు.

వాన కొంచెం తెరిపిచ్చింది. కిటికీలోంచి సిద్ధులగుట్ట నల్లరాళ్లు తడిసి మెరుస్తున్నాయి. గాలికి గోడకున్న మొలకు వేలాడదీసిన తెల్లచొక్కా ఊగింది, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, హైదరాబాద్ వెళ్లినప్పుడు వేసుకున్నది. అంతకుముందు ఎక్కడ చూశాడు దీన్ని? సీజనులో వీడు తెల్లచొక్కా తొడగడు, ఎందుకంటే అది సాయంత్రానికి తెల్లగా ఉండదు. మరి సీజనులోనే చూశాడు. దవాఖానలో చూశాడు. ట్యూబులైటు కింద, పొద్దునపూట. పొద్దునపూట వీడెందుకొస్తాడు? శివరాత్రి తెల్లారి. పండగకు డ్రమ్ము బందు పెట్టి, కూలోళ్లు ఇంకా రాక రెండోరోజూ బందే ఉంది. జాగారం చేసిన జనమంతా ఒంటినొప్పులూ అజీర్తీ అని దవాఖాన నిండా ఉన్నారు. రజని నంబరు పిలిచింది, తలుపు తెరుచుకుంది, ముందు తలుపు, లోపలికి హన్మండ్లు వచ్చాడు. తెల్లచొక్కా. తలకు నూనె. చేతులు, ముఖం, మెడ, చెవుల వెనక కూడా రుద్ది రుద్ది కడుక్కున్నాడు, గోళ్ల సందుల్లో కూడా పసుపు లేదు. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పేషెంట్లు కూర్చునే స్టూలు మీద. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని.

ఎలా మరిచిపోయాడు ఇన్నాళ్లు? దురద గుర్తుంది, బరువు గుర్తుంది, వాటిని రోజూ జపం చేసినట్టు తలుచుకుంటున్నాడు, మరి ఇదెక్కడ దాక్కుంది? నవ్వు కింద దాక్కుంది. తను పగలబడి నవ్వాడు ఆ రోజు. "ఏందిరా, లైన్ల కూసొని వచ్చినవా నువ్వు? గా అంగి ఏంది? పెండ్లిచూపులకా?" అని భుజం పట్టి స్టూలు మీంచి లేపి, పక్కన వీడు ఎప్పుడూ కూర్చునే కుర్చీలోకి తోసి, రజనీ రెండు చాయ్ చెప్పు అని అరిచాడు. తర్వాత అరగంట. ఆ అరగంట ఏం మాట్లాడాడో అక్షరం అక్షరం గుర్తొస్తోంది ఇప్పుడు. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన దవాఖాన గురించి. అద్దాల తలుపులు, ఏసీ, పెద్ద బోర్డు, తన పేషెంట్లందరూ అటే పోతున్నారని కడుపుమంట. "గా పిల్ల డాక్టర్లు మనిషిని ముట్టరు హన్మండ్లూ, మొఖం దిక్కు చూడరు, కంప్యూటర్ చూసుకుంట స్కాన్లు రాస్తరు. మొఖం చూస్తే సగం రోగం తెలుస్తది, గది తెల్వదు వాళ్లకు." ఎవరికి చెప్పాడు ఈ మాట? ఎవరి ముఖం ముందు పెట్టుకొని చెప్పాడు? మూడడుగుల దూరంలో, ట్యూబులైటు కింద, కడిగిన ముఖంతో వాడు కూర్చుంటే. వాడు ఊఁ కొట్టాడు. చాయ్ సగం తాగి వదిలేశాడు. వెళుతూ అలవాటు కొద్దీ మిషన్ ఎక్కాడు, అరవలేదు, తనలో తాను అనుకున్నట్టు "అరవై నాలుగు," అన్నాడు. నరహరి విన్నాడు. విని, తర్వాతి నంబరు పంపమన్నాడు.

కుర్చీలోంచి లేచాడు, కిటికీ దాకా వెళ్లాడు, వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఇంతకాలం తప్పు తన కళ్లదనుకున్నాడు, చూడడం అలవాటు తప్పిన కళ్లు, పసుపుకు అలవాటు పడ్డ కళ్లు, ఏదో ఒకటి. కాదు. వీడు అడిగాడు. నోరు తెరవకుండా, ఒళ్లంతా కడుక్కొని వచ్చి, ఇరవై రెండేళ్ల స్నేహాన్ని గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి, నన్ను చూడు అని స్టూలు మీద కూర్చున్నాడు. తనే లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. పేషెంటుగా వద్దురా, దోస్తుగానే ఉండు, నా గోడు విను. ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్ల మనిషి, జేబురుమాలు కూడా తీయకుండా, మోచేత్తో ముఖం తుడుచుకుంటూ ఏడ్చాడు.

"ఏందిరా, నేనింక ఉన్న గదా," అన్నాడు హన్మండ్లు.

కళ్లు తెరుచుకొని ఉన్నాయి. ఎప్పటి నుంచి చూస్తున్నాడో. నరహరి చెంచాతో నీళ్లు పోశాడు, రెండు చెంచాలు తాగి చాలన్నాడు. గంగామణి పోయిందా అని అడిగాడు, పోయింది, వస్తది అన్నాడు. ఇక ఆగితే ఆగిపోతానని తెలిసి నరహరి ఒక్క ఊపున మొదలుపెట్టాడు. "హన్మండ్లూ, శివరాత్రి తెల్లారి నువ్వు దవాఖానకు వచ్చినవ్. కడుక్కొని వచ్చినవ్. నీ కండ్లు అప్పటికే పచ్చగై ఉంటయ్. నేను చూడలే. నవ్విన. అప్పుడు చూసి ఉంటే ఆపరేషన్ అయ్యేదని హైదరాబాద్ డాక్టర్ చెప్పిండు. నీకు చెప్పలే. నందినికైతే అబద్ధమే చెప్పిన."

హన్మండ్లు చెయ్యెత్తి తన చెంప తడుముకున్నాడు. కోపం వస్తుందేమోనని నరహరి ఎదురుచూశాడు, రానీ, వస్తే బాగుండు. "మూడుసార్లు కడిగిన," అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "రెండుసార్లు సబ్బు వెట్టి, ఒకసారి శనగపిండి వెట్టి. నీళ్లు తెల్లగనే పోతున్నయ్, మొఖం తెల్లగైతలేదు. గప్పుడు గుబులైంది నాకు. గంగామణికి చెప్పకుండ నీ దగ్గరికొచ్చిన."

"మరి నోటితోని ఎందుకు చెప్పలేదురా?"

"చెప్దామనే వచ్చిన. నువ్వు నవ్వినవ్. నీ మొఖం చూసిన. డాక్టర్ నవ్వుతున్నడంటే ఏం లేదన్నట్టే గదా అనుకున్న. ముందల కూసున్నోని మొఖంల ఉంటే ఆయనకు కనవడదా, ఉంటే చెప్పడా అనుకున్న." దుప్పటి గుండెల మీదికి లాక్కున్నాడు. "ఇంటికొచ్చి గంగామణికి గదే చెప్పిన. డాక్టర్ చూసిండు, ఏం లేదన్నడు అని. ఆ దినం మస్తు నిద్ర వట్టింది నాకు."

గంగామణికి చెప్పాడు. డాక్టర్ చూశాడు, ఏం లేదన్నాడు. అంటే మార్చి నుంచి ఆమె మనసులో ఉన్నది అదన్నమాట, చూసి కూడా కనిపెట్టలేని డాక్టరు. తువ్వాల మాట చెప్పడానికి వచ్చిన రోజు కూర్చోకుండా నిలబడింది అందుకేనా? ఒక్కనాడూ అడగలేదు. రోజూ జర కూసో అన్నా, చాయ్ తాగు అన్నా, వాన పడుతుంది జాగ్రత్తగా పో అన్నా. ఇన్ని నెలలు ఆ మాట నోట్లో పెట్టుకొని ఎలా చాయ్ కలిపింది ఈ మనిషి? పోనీలే నరహరీ అంటాడేమో అని హన్మండ్లు వైపు చూశాడు. ఎప్పుడూ అనేవాడు, ఏది చెప్పినా పోనీలే అనేవాడు. ఈసారి అనలేదు. గోడ వైపు గడ్డంతో చూపించాడు. "గా అంగి జేబుల చూడు."

జేబులో గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల. మీద రజని నెయిల్ పాలిష్‌తో రాసిన అంకె. పద్నాలుగు.

"నువ్వు లేపి కుర్చీల కూసోవెడితివి. చేతులనే ఉండిపాయె," అన్నాడు హన్మండ్లు. "గంగామణి ఉతికినప్పుడల్ల తీస్తది, మల్ల అండ్లనే ఏస్తది. నా నంబర్ ఇంక అయిపోలే." నవ్వబోయాడు, నొప్పికి సగంలో ఆపాడు. "గిప్పుడు చూడు. మంచిగ చూడు. దోస్తు లెక్క గాదు."

నరహరి బయటికి వెళ్లి గాబు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, మోచేతుల దాకా. వచ్చి కిటికీ రెండో రెక్క తెరిచాడు, వాన వెలిసిన వెలుతురు మంచం మీద పడింది. నాడి పట్టుకున్నాడు, గడియారం చూస్తూ పూర్తిగా నిమిషం లెక్కపెట్టాడు. నాలుక చాపమన్నాడు. మెడ, చంకలు తడిమాడు. కడుపు మీద చెయ్యి ఆనించి, ఊపిరి పీల్చు, వదులు, అని మెల్లగా నొక్కాడు, గట్టిగా తగిలిన చోట ఆగాడు. అన్నిటికన్నా చివర బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూశాడు. హన్మండ్లు కొత్త పేషెంటు లాగ చెప్పినదల్లా చేశాడు.

"ఎన్ని దినాల్నుంచి ఉన్నది డాక్టర్ సాబ్?" అని అడిగాడు.

"శివరాత్రి కంటే ముందుగాల్నుంచి," అన్నాడు నరహరి.

"ఆఁ," అని హన్మండ్లు కళ్లు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు, చిటికెనవేలి మీద పాత కుట్ల మచ్చ ఉన్న ఆ చెయ్యి, నరహరి మణికట్టు మీద అలాగే ఉంది.

గేటు గొళ్లెం చప్పుడైంది. గంగామణి ఖాళీ గంప చంకన పెట్టుకొని, తడిసిన సంచి నెత్తి మీద ఉండగానే గడపలో ఆగింది. "లేచిండా అన్నా? చూసినవా?" అంది, రోజూ అడిగినట్టే. నరహరి పక్కన మంచం మీద టోకెను ఉంది. ఆమె చూపు దాని మీద పడింది.

"చూసిన చెల్లె. ఇయ్యాలనే చూసిన," అన్నాడు. "శివరాత్రి తెల్లారి చూడలే. డాక్టర్ చూసి ఏం లేదన్నడని వీడు నీకు చెప్పిండు గదా, నేను గట్ల అనలే. నేను అసలు చూడనే లే."

సంచి కొసల నుంచి నీళ్లు గడప మీద కారుతున్నాయి. గంగామణి మంచం మీద మొగుణ్ని చూసింది, నరహరిని చూసింది.

"నాకు ఎర్కనే అన్నా," అంది. "నువ్వు చూసి ఉంటే నీకు కనవడకపోవునా?"

అని, సంచి దులిపి మొలకు తగిలించి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.